కూర్చుని చేసే యుద్ధం: మినియాపోలిస్‌లో సోమాలీల మధ్య నాలుగు రోజులు

ఇంటికొచ్చి ఎనిమిది రోజులైంది. సూట్‌కేసు తెరిచినప్పుడల్లా హవాష్ వాసన వస్తోంది. అది సోమాలీల మసాలా పొడి. జీలకర్ర, ధనియాలు, ఏలకులు, మిరియాలు, పసుపు వేసి చేస్తారు కాబట్టి మన వంటింటికి కొత్తదేమీ కాదు. ఆ వాసన పోకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా చెల్లి వాళ్లు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ పక్కనే ఉన్న ఈడెన్ ప్రెయిరీలో ఉంటారు. వెళ్లింది చెల్లి కోసమే అయినా నా మనసులో ఇంకో మనిషి కూడా ఉంది. 2009లో నేను ఉస్మానియాలో పీజీ చేస్తున్నప్పుడు మా క్లాసులో ఒక సోమాలీ అమ్మాయి ఉండేది. మొగదిషులో పుట్టింది, 1991లో యుద్ధం మొదలయ్యాక మూడేళ్ల వయసులో తల్లి చంకనెక్కి కెన్యా వచ్చేసింది, నైరోబీలోని ఈస్ట్‌లీలో పెరిగింది, టోలీచౌకిలో వాళ్ల అన్న అద్దెకుంటున్న గదిలో ఉండి చదువుకునేది. మొదటిసారి మిరపకాయ బజ్జీ తిన్నప్పుడు "మాకూ బజియె ఉంది, అలసందలతో చేస్తాం" అని కళ్లు పెద్దవి చేసింది. అలా కలిశాం.

ఆ డిసెంబర్‌లోనే మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. క్యాంపస్ అంతా తెలంగాణ ఉద్యమంలో ఉడుకుతోంది, నాది హనుమకొండ, నేను రోజూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరే ఉండేదాన్ని. ఒకరోజు తను నా చెయ్యి పట్టుకుని "మీరు విడిపోవద్దు, ఒకసారి కోయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో మీకు తెలీదు, మాకు తెలుసు" అంది. నాకు మండిపోయింది. రెండు వారాలు మాట్లాడలేదు. ఆ మాట పద్నాలుగేళ్లు నాలో ఉండిపోయింది. ఇప్పుడు తను మినియాపోలిస్‌లో నర్సుగా పనిచేస్తోంది.

2024 జూన్ 28, శుక్రవారం, సీడర్ రివర్‌సైడ్

చెల్లి ఆఫీసుకెళ్తూ నన్ను డౌన్‌టౌన్‌లో దింపింది. బ్లూ లైన్ ఎక్కి సీడర్ రివర్‌సైడ్ స్టేషన్‌లో దిగమని స్నేహితురాలు ముందే చెప్పింది. కానీ రెండు లైన్ల రైళ్లూ ఒకే ప్లాట్‌ఫాం మీదికి వస్తాయి, ముందొచ్చింది ఎక్కేశాను, అది గ్రీన్ లైన్. స్టేడియం దాటాక రెండూ చెరో దారి పడతాయి. దిగేసరికి వెస్ట్ బ్యాంక్ అనే స్టేషన్‌లో ఉన్నాను. పైకెక్కితే ఎటు చూసినా యూనివర్సిటీ భవనాలే, ఫోన్‌లో సిగ్నల్ లేదు, కొంచెం టెన్షన్ వచ్చింది.

గోరింటాకు పెట్టి ఎర్రగా చేసుకున్న గడ్డంతో ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని వెళ్తున్నాడు. "సీడర్ అవెన్యూ" అన్నాను. అలవాటుగా చెయ్యి చాపబోతే ఆయన తన అరచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. పరాయి ఆడవాళ్లతో చేతులు కలపరని, అలా గుండె మీద చెయ్యి పెట్టడమే మర్యాదని అప్పుడే తెలిసింది, ఆ నాలుగు రోజులూ నేనూ అదే చేశాను. దారి చూపించి వదిలేయలేదు, నాతో పాటు నడిచొచ్చాడు. ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను. ఆయన చెల్లెలి కొడుకు అక్కడే చదివాడట. అంతే, ఇంక నేను వాళ్లింటి మనిషినైపోయాను.

సీడర్ అవెన్యూ మీద తలెత్తి చూస్తే రివర్‌సైడ్ ప్లాజా టవర్లు కనబడతాయి. 1973లో కట్టినవి, అన్నిటికంటే ఎత్తైనది 39 అంతస్తులు, కాంక్రీటు గోడల మధ్య ఎరుపు, పసుపు, నీలం పలకలు. మొత్తం 1,303 ఇళ్లు. ఈ పేటను జనం లిటిల్ మొగదిషు అంటారు. 1990ల మొదట్లో ఈ రాష్ట్రంలోని మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని తెలిసి సోమాలీలు రావడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు రాకపోయినా చేసే పని అది. ఒకరిని చూసి ఒకరు వచ్చారు, ఇప్పుడు అమెరికాలో సోమాలీలు అన్ని చోట్ల కంటే ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

శుక్రవారం కదా, దార్ అల్ హిజ్రా మసీదు ముందు జనం. ఆ మసీదు పక్కనే అప్పుడు పాల్మర్స్ అనే పాత బారు ఉండేది, 1906 నాటిది, 2025లో మూతపడింది. నమాజుకొచ్చేవాళ్లు ఒక తలుపులోంచి, తాగడానికొచ్చేవాళ్లు ఇంకో తలుపులోంచి. "గొడవలు రావా?" అని అడిగితే, అక్కడే నన్ను కలిసిన స్నేహితురాలు "వాళ్లతో మాకేం గొడవ, మా గొడవలన్నీ మాతోనే" అంది. పద్నాలుగేళ్ల తర్వాత తను నాకు చెప్పిన మొదటి పెద్ద వాక్యం అదే. తర్వాత ఇద్దరం రోడ్డు మీదే ఏడ్చాం.

భోజనానికి బరీస్ అనే అన్నం, మేక మాంసం. పద్దెనిమిది డాలర్లు, మన లెక్కలో పదిహేను వందలు, కానీ ఒక పళ్లెం ఇద్దరికీ చాలింది. అన్నం పక్కన ఒక అరటిపండు పెడతారు. అన్నం, మాంసం, కొంచెం అరటిపండు, బస్బాస్ అనే పచ్చిమిర్చి కొత్తిమీర పచ్చడి అన్నీ కలిపి కుడిచేత్తో ముద్ద చేసి తినాలి. పెరుగన్నంలో అరటిపండు నంజుకునే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. బస్బాస్ రెండోసారి అడిగితే వడ్డించే కుర్రాడు సంతోషపడ్డాడు.

తర్వాత కాఫీ షాపు. పేరుకే కాఫీ, అందరూ తాగేది షాహ్, అంటే ఏలకులు, దాల్చిన చెక్క, లవంగాలు వేసి మరిగించిన పాల టీ, రెండున్నర డాలర్లు. అంతా మగవాళ్లే. మేం ఇద్దరం గోడ పక్కన చిన్న టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పనిగట్టుకుని చూడనూ లేదు. మా ఎర్రగడ్డం పెద్దాయన అప్పటికే అక్కడ ఉన్నాడు, నన్ను చూసి "అదేర్, కూర్చో" అన్నాడు. అదేర్ అంటే బాబాయ్ అని హైదరాబాద్‌లోనే నేర్చుకున్నాను, మరి నన్ను ఎందుకలా పిలిచాడని అడిగాను. "మీ నాన్న మీ తమ్ముణ్ణి 'నాన్నా ఇలా రా' అనడా? అదే ఇది" అంది తను. ఎంత నిజం! సోమాలీ అమ్మ కూతుర్ని 'హోయో' అని, అంటే అమ్మా అని పిలుస్తుంది. తండ్రి తమ్ముడు అదేర్, తల్లి తమ్ముడు అబ్తి, తండ్రి చెల్లెలు ఏద్దో, తల్లి చెల్లెలు హబర్‌యర్, ఆ చివరి మాటను విడదీస్తే అచ్చంగా మన చిన్నమ్మే. ఇంగ్లీషులో అంకుల్, ఆంటీ అనే రెండు మాటల్లో కలిపేసిన చుట్టరికాలన్నిటికీ మనలాగే వీళ్ల దగ్గరా వేరు వేరు పిలుపులున్నాయి.

ముందురోజు రాత్రే టీవీలో బైడెన్, ట్రంప్ చర్చ జరిగింది. ఆరుగురు కూర్చున్న టేబుల్ దగ్గర మాట దానితోనే మొదలైంది. మార్చిలో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో గాజా విషయంలో కోపంతో ఈ రాష్ట్రంలో ఓటేసినవాళ్లలో దాదాపు 19 శాతం మంది బైడెన్‌కు కాకుండా 'ఎవరికీ కట్టుబడం' అనే గడికి ఓటేశారు, అలా వేసినవాళ్లు ఇక్కడ ఇద్దరున్నారు, నవంబర్‌లో ఏం చేయాలో వాళ్లకు తోచడం లేదు. పది నిమిషాలు అలా సాగాక ఒకాయన "ఇక్కడ కనీసం ఓటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో అందరూ అమెరికా వదిలేసి మొగదిషు వెళ్లిపోయారు.

దీనికి వాళ్ల భాషలో ఒక పేరుంది. ఫడి కు దిరిర్. కూర్చుని చేసే యుద్ధం. ఊళ్లో రచ్చబండ దగ్గర జరిగేదే, కాకపోతే వీళ్ల రచ్చబండకూ ఊరికీ మధ్య ఒక సముద్రం ఉంది.

సంగతేమిటంటే, సోమాలియాలో దేశమంతటా జనం నేరుగా ఓటేసి పార్లమెంటును ఎన్నుకున్న చివరి ఎన్నిక 1969 మార్చిలో జరిగింది. ఆ అక్టోబర్‌లోనే సియాద్ బర్రే సైన్యంతో అధికారం పట్టేశాడు, 1991 జనవరిలో పారిపోయేదాకా వదల్లేదు. 2000లో జిబూతీ దేశంలోని ఆర్తాలో పెద్దలు కూర్చుని ఒక లెక్క తేల్చారు, దాని పేరు నాలుగున్నర. దారోద్, హవియె, దిర్, రహన్‌వేన్ అనే నాలుగు పెద్ద ఖబీల్‌లకు, అంటే వంశాలకు, తలో భాగం, మిగతా చిన్న సమూహాలన్నిటికీ కలిపి అర భాగం. పార్లమెంటు సీట్లు 2024లోనూ ఆ లెక్కనే. 2024 మార్చి 30న పార్లమెంటు రాజ్యాంగం మార్చి అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతికి ఒప్పుకుంది. మర్నాడే ఆ దేశంలోని పుంట్‌లాండ్ అనే రాష్ట్రం మేం ఈ కేంద్రాన్ని గుర్తించం అని ప్రకటించింది.

యూనివర్సిటీలో చదివే కుర్రాడొకడు "మనిషికొక ఓటు, అంతే, ఖబీల్ లెక్క తీసేయాలి" అన్నాడు. ఎర్రగడ్డం పెద్దాయన కర్ర నేలకేసి కొట్టి "ఓటు పెట్టెను కాపాడే పోలీసు ఏ ఖబీల్ వాడో ముందు చెప్పు" అన్నాడు. నా స్నేహితురాలు నా చెవిలో అనువాదం చేస్తూనే మధ్యలో తనూ వాదనలోకి దిగిపోయేది, అప్పుడు నాకేమీ అర్థమయ్యేది కాదు, మొహాలు చూస్తూ కూర్చునేదాన్ని.

అప్పటిదాకా మాట్లాడనివాడు ఒకాయన ఉన్నాడు, టాక్సీ నడుపుతాడట, ఉత్తరాన ఉన్న హర్గేసా ఊరు ఆయనది. టేబుల్ మీద పంచదార పొట్లాలు ఐదు తీసి నక్షత్రంలా పేర్చాడు. సోమాలీ జెండా లేత నీలం మీద తెల్లటి ఐదు మొనల నక్షత్రం, 1954లో వచ్చింది. ఒక్కో మొన సోమాలీలు ఉండే ఒక్కో నేల: బ్రిటిష్ వాళ్ల కింద ఉన్నది, ఇటలీ కింద ఉన్నది, ఫ్రెంచివాళ్ల కిందిది అంటే ఇప్పటి జిబూతీ, ఇథియోపియాలోని ఒగాదెన్, కెన్యా ఉత్తర భాగం. ఆయన ఒక్కో పొట్లం పక్కకు జరిపాడు. "జిబూతీ 1977లో వేరే దేశమైంది. ఇది ఇథియోపియా దగ్గరే ఉంది. ఇది కెన్యా దగ్గర. మిగిలిన రెండూ 1960లో ఇష్టపడి కలిశాయి. బ్రిటిష్ కింద ఉన్న మేం జూన్ 26న స్వతంత్రులమయ్యాం, ఐదు రోజులాగి జూలై 1న మా అంతట మేమే వచ్చి కలిశాం. 1988లో మా ఊరి ఎయిర్‌పోర్టులోంచే లేచిన బర్రే విమానాలు మా ఊరి మీదే బాంబులు వేశాయి." నాలుగో పొట్లం కూడా పక్కకు జరిపాడు. "1991 మే 18 నుంచి మేం సోమాలిలాండ్." ఎవరూ గుర్తించలేదుగా అని ఒకరు అన్నారు. "నా ఊరు ఉందో లేదో నాకు ఇంకెవరో గుర్తించి చెప్పాలా?" అన్నాడు.

అక్కడ అరుపులు మొదలయ్యాయి. జనవరి 1న ఇథియోపియాతో సోమాలిలాండ్ చేసుకున్న సముద్రతీరం ఒప్పందం దగ్గరికెళ్లేసరికి ఒకాయన లేచి నిలబడ్డాడు కూడా. నాకు భయమేసింది. సాయంత్రం నాలుగున్నర గంటలకు బిల్లు వచ్చింది. ఇప్పటిదాకా కొట్టుకునేటట్టున్న ఇద్దరూ నేనిస్తానంటే నేనిస్తానని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాక్కున్నారు. మా ఇద్దరి టీ డబ్బులు కూడా ఎవరో ఇచ్చేశారు, ఎవరో కూడా చెప్పలేదు.

జూన్ 29, శనివారం, కార్మెల్ మాల్

నిన్న చూసింది మగవాళ్ల లోకం, ఈరోజు ఆడవాళ్లది చూద్దువుగాని అని లేక్ స్ట్రీట్ దగ్గరున్న కార్మెల్ మాల్‌కు తీసుకెళ్లింది. కారు పెట్టడానికి అరగంట తిరిగాం. లోపల సన్నటి వరండాలు, రెండు పక్కలా గదులంత కొట్లు, పైనా కిందా వందల కొద్దీ, దాదాపు అన్నీ ఆడవాళ్లే నడుపుతున్నారు. బట్టలు, బంగారం, తివాచీలు, ఊదు, తేనె, గోరింటాకు. మాల్‌లోనే మసీదు. మన బేగంబజార్‌ను తీసుకెళ్లి పైకప్పు కింద పెట్టినట్టుంది. సంబూస ఒకటి డాలరున్నర, రెండు తిన్నాను.

ఒక హవాలా కొట్లో నా స్నేహితురాలు సోమాలియాలో గాల్కయో ఊళ్లో ఉన్న హబర్‌యర్‌కు రెండొందల డాలర్లు పంపింది. మేం మెట్లు దిగేలోపు ఆవిడ ఫోన్ చేసి అందాయని చెప్పింది. ఈ చిన్న కొట్ల మీదే అక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. 2011లో సోమాలియాలో కరువొచ్చి జనం చనిపోతున్న ఏడాది చివర్లోనే ఇక్కడి బ్యాంకొకటి ఉగ్రవాద చట్టాల భయంతో హవాలా ఖాతాలు మూసేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు తన గొంతు మారింది.

బట్టల కొట్టు పెద్దావిడ దగ్గర గంటన్నర కూర్చున్నాం. ఆవిడ ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించింది, 1970లలో మొగదిషు సముద్రం ఒడ్డున ఆవిడ, ఇద్దరు స్నేహితురాళ్లు. ఒంటి భుజం మీద ముడి వేసి చుట్టుకున్న గుంతీనో కట్టుకున్నారు, దూరం నుంచి చూస్తే చీరే అనుకుంటాం. తల మీద చిన్న గుడ్డ. పక్కనే బిల్లు రాస్తున్న ఆవిడ కోడలు నల్లటి పొడవాటి జిల్‌బాబ్‌లో ఉంది. "అప్పుడు మనవాళ్లకు దీన్ తెలీదు అత్తా" అంది కోడలు, మెత్తగానే. దీన్ అంటే మతం. పెద్దావిడకు కోపమొచ్చింది. "మా అమ్మ ఐదు పూటలా నమాజు చేసింది, ప్రవక్త పుట్టినరోజుకు ఇంటినిండా జనాన్ని పిలిచి అన్నం పెట్టింది, వలీల, అంటే సాధువుల సమాధుల దగ్గరికి వెళ్లి మొక్కింది. ఇప్పుడు నిన్నమొన్నటి ఇమాములొచ్చి అదంతా తప్పంటే మా అమ్మ ముస్లిం కాదా?"

మా హనుమకొండ పక్కన కాజీపేటలో దర్గా ఉందని, ఉర్సుకు హిందువులం కూడా వెళ్తామని చెప్పాను. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కోడలి వైపు చూపించింది. కోడలు తలొంచుకుని నవ్వింది కానీ ఒప్పుకోలేదు. తర్వాత నాతో విడిగా ఒక మాట చెప్పింది. "మా అత్తమ్మ తరానికి దేశం ఉంది. నేను శరణార్థి శిబిరంలో పుట్టాను. నాకు దీన్ ఒక్కటే ఉంది. ఖబీల్ అడగని చోటు అదొక్కటే." ఆ అమ్మాయి బట్టలు చూసి నేను మనసులో ఒక తీర్పు ఇచ్చేసి ఉన్నాను. అది తప్పు.

ఇక్కడ మతం గురించి వాదన అంటే పాత గాయాలు కూడా కదులుతాయి. 1975లో బర్రే ప్రభుత్వం ఆడవాళ్లకు ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం తెస్తే, కాదన్న పదిమంది మతపెద్దలను కాల్చి చంపారు. మంచి చట్టాన్ని తుపాకీతో తెచ్చారు కాబట్టి ఇవాళ్టికీ ఆ సమానత్వం మాట ఎత్తితే ఆ పది శవాలు మధ్యకొస్తాయని నా స్నేహితురాలు అంది.

పై అంతస్తులో ఒక కుట్టు మిషన్ కొట్టు. నా జాకెట్టు భుజం దగ్గర చిరిగితే కుట్టించుకున్నాను, డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఐదు డాలర్లు పెట్టాను. ఆవిడ మాటల్లో నిన్న కాఫీ షాపులో ఏం విన్నావని అడిగింది. నాలుగున్నర గురించి విన్నానన్నాను. మిషన్ ఆపకుండానే "నేను ఆ అరని" అంది.

వీళ్లలో తోలు పని, కమ్మరి పని, క్షురక వృత్తి చేసే కుటుంబాలను తరతరాలుగా వేరుగా పెట్టారు. పిల్లనివ్వరు, తెచ్చుకోరు. అందరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే రంగు. ఆవిడ కూతురు ఇక్కడే పుట్టి పెరిగింది, ఇష్టపడ్డ అబ్బాయి కూడా ఇక్కడే పుట్టినవాడే, అయినా వాళ్ల పెద్దలు నైరోబీకి ఫోన్ చేసి ముత్తాత ఎవరో కనుక్కుని వద్దన్నారట. నా స్నేహితురాలు, అంత మాట్లాడే మనిషి, ఏమీ అనలేదు, నేల వైపు చూస్తూ కూర్చుంది. నేనేం అనగలను? మా ఇళ్లల్లో ఇది లేదా? అమెరికా వచ్చాక కూడా కులం అడిగి సంబంధాలు చూసుకోవడం లేదా? ఆవిడకు అదే చెప్పాను, మా దగ్గరా అంతే అని. ఆవిడ మిషన్ ఆపి మొదటిసారి నా వైపు చూసింది.

రాత్రి చెల్లి వాళ్ల స్నేహితుల ఇంట్లో భోజనం. ఆంధ్రా ఎన్నికల ఫలితాలొచ్చి మూడు వారాలు దాటినా ఇంకా అదే వాదన, రెండు కుటుంబాలు చెరో గదిలో కూర్చున్నాయి. పగలంతా విన్నదానికీ దీనికీ భాష ఒక్కటే తేడా.

జూన్ 30, ఆదివారం, ఈడెన్ ప్రెయిరీ

స్నేహితురాలి అన్న ఇల్లు చెల్లి ఇంటికి పది నిమిషాలే. వాళ్ల అమ్మ నా కోసం అంజేరో పోసింది. పులియబెట్టిన పిండితో ఒక వైపే కాల్చే మెత్తటి అట్టు, పైన నెయ్యి, పంచదార, దాని మీద టీ పోసుకుని తింటారు. నాకు టీ పోసుకోవడం నచ్చలేదు, నెయ్యితో మాత్రం నాలుగు తిన్నాను.

ఆవిడతో గడిపిన మధ్యాహ్నం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1972లో సోమాలీ భాషకు లాటిన్ అక్షరాలు పెట్టారు, అంతకుముందు అధికారికంగా రాత లేదు. 1974లో హైస్కూళ్లు ఏడాది మూసేసి వేలమంది విద్యార్థులను పల్లెలకు, ఒంటెల కాపరుల దగ్గరికి పంపారు, చదువు చెప్పమని. ఆవిడకు అప్పుడు పదహారేళ్లు. చెట్టుకు నల్లబల్ల కట్టి అక్షరాలు నేర్పింది. కాపరులు అక్షరాలకు బదులుగా ఆవిడకు పద్యాలు నేర్పారు. సోమాలీ పద్యంలో ఒక నియమం ఉందట, ఒక అక్షరం ఎంచుకుంటే పద్యం మొత్తం ప్రతి పాదంలో ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఉండి తీరాలి. మాకు యతి ఉందని, పాదం మొదటి అక్షరం మధ్యలో మళ్లీ పలకాలని చెప్పి ఒక వేమన పద్యం పాడాను. ఆవిడ కళ్లు మూసుకుని విని వేలితో సరిగ్గా యతి పడ్డ చోట తట్టింది. భాష తెలియకుండా! నాకు ఒళ్లు జలదరించింది.

1979, 80లలో కవులు ఖబీల్ పిచ్చి మీద ఒకరికొకరు జవాబుగా పద్యాలు అల్లారట, అన్నీ 'ద' అక్షరం మీదే, క్యాసెట్లలో ఊరూరా తిరిగాయి. వీళ్ల రాజకీయ వాదన పద్యంలో పుట్టింది కాబట్టే ఇవాళ్టి కాఫీ షాపులో కూడా మాటకు అంత పదునుందేమో అనిపించింది. "బర్రే ఖబీల్ పేరు అడగకూడదన్నాడు. జనం 'మాజీ ఖబీల్ ఏది' అని అడిగేవాళ్లు" అని ఆవిడ చెప్పింది. చదువు చెప్పించింది ఆ ప్రభుత్వమే, ఆవిడ తమ్ముణ్ణి జైల్లో పెట్టిందీ ఆ ప్రభుత్వమే. రెండూ ఒకే గొంతుతో చెప్పింది.

సాయంత్రం అన్నకూ కొడుక్కూ పడింది. కుర్రాడికి పదహారేళ్లు. ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. తండ్రి కోపంలో డఖన్ ఎలిస్ అన్నాడు. అంటే సంస్కృతికి తిరిగి పంపడం, దారి తప్పుతున్నారనుకున్న పిల్లలను నైరోబీకో సోమాలియాకో పంపేస్తారు. కొందరు బాగుపడి వచ్చారంటారు, కొందరి పాస్‌పోర్టులు లాక్కుని కొట్టి చదివించారంటారు. నా స్నేహితురాలికి ఆ మాటంటేనే అసహ్యం. తండ్రి భయమూ ఊరికే పుట్టింది కాదు. 2007 నుంచి ఈ ఊళ్లోంచే ఇరవై మందికి పైగా కుర్రాళ్లు సోమాలియాలోని అల్ షబాబ్ అనే ఉగ్రవాద సంస్థలో కలవడానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇక్కడ ప్రతి తల్లీ కొడుకు ఫోన్ వైపు అనుమానంగా చూసింది. ఇప్పుడు కోవిడ్ కాలంలో పిల్లల భోజనాల డబ్బు సోమాలీలు కొందరు దోచిన కేసు. ఆ జూన్ 7నే ఐదుగురిని దోషులన్నారు, విచారణ మధ్యలో జ్యూరీలో ఒకరింటికి లక్షా ఇరవై వేల డాలర్ల నోట్ల సంచి కూడా పంపారట. "వాళ్లు తిన్నారు, సిగ్గు నా మొహం మీద" అన్నాడు అన్న.

కుర్రాడు అప్పుడు తెలుగులో అయితే మనం దులిపేయడం అంటామే, అలా మాట్లాడాడు. "నువ్వు ఖబీల్ అంటావు, నానమ్మ దేశం అంటుంది, మసీదులో ఉమ్మా, ముస్లింలంతా ఒక్కటే అంటారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో చనిపోయింది మన మినియాపోలిస్‌లోనే. బండి ఆపిన పోలీసు నన్ను ఏ ఖబీల్ అని అడగడు, నల్లవాడిననే చూస్తాడు. కొత్త రాష్ట్ర జెండా నమూనాలొస్తే అది పుంట్‌లాండ్ జెండాలా ఉందని మనల్నే తిట్టారు. నేను మిన్నెసోటావాణ్ణి కాదని వాళ్లంటారు, సోమాలీని కాదని నువ్వంటావు." ఎవరూ మాట్లాడలేదు. నానమ్మ లేచి వాడి పళ్లెంలో ఇంకో అంజేరో వేసి "అయ్యేయో" అంది, అంటే నానమ్మా అని, వాణ్ణే. వాడు తిన్నాడు.

జూలై 1, సోమవారం, మళ్లీ సీడర్

ఈసారి బ్లూ లైనే ఎక్కాను. సోమాలియా స్వాతంత్ర్య దినం, రెండు ముక్కలూ కలిసిన రోజు. కార్ల అద్దాల్లోంచి నీలం జెండాలు, పిల్లల బుగ్గల మీద నక్షత్రాలు. తొమ్మిది దాటితే గాని ఇక్కడ పొద్దుపోదు. మగ్రిబ్, అంటే పొద్దుగూకిన వేళ నమాజుకు పిలిచే అజాన్ మైకులో వినబడింది. 2023 ఏప్రిల్ నుంచి ఐదు పూటలా అజాన్‌కు ఈ నగరం అనుమతిచ్చింది, అమెరికా పెద్ద నగరాల్లో ఇదే మొదటిదట.

కాఫీ షాపులో అందరూ జెండా రంగు ఏదో ఒకటి వేసుకున్నారు. హర్గేసా ఆయన మామూలు గళ్ల చొక్కాలో, అదే కుర్చీలో. ఈ పండగ ఆయనది కాదు, ఆయనది మే 18. అయినా వచ్చాడు. నేను కూర్చోగానే నా స్నేహితురాలి ద్వారా అడిగాడు. "మీరు కూడా కలిసి, తర్వాత విడిపోయారట?"

చెప్పాను. 1956లో కలిశామని, 2014 జూన్ 2న విడిపోయామని, మాది దేశం కాదు రాష్ట్రమేనని, పైన ఇంకో పెద్ద దేశం ఉందని, అందుకని మా కథ మీ కథ ఒకటి కావని. ఆయన వదల్లేదు. విమానాలొచ్చాయా? లేదు. మరి ఎవరూ చనిపోలేదా? పోయారు, ఎక్కువగా పిల్లలే, తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఆయన కాసేపు ఆగాడు. "ఇప్పుడు అవతలివాళ్లతో మాట్లాడతారా?"

"మా మరిదిది గుంటూరు" అన్నాను. నా చెల్లెల్ని అవతలివాళ్లకే ఇచ్చామని నా స్నేహితురాలు వివరించింది.

ఎర్రగడ్డం పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "చూశావా! పెళ్లిళ్లు చేసుకునేవాళ్లకు విడిపోవడం ఎందుకు?" హర్గేసా ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నువ్వే చూడు! విడిపోయారు కాబట్టే పోట్లాట తీరి పెళ్లిళ్లు చేసుకుంటున్నారు!" ఇంక నన్ను ఎవరూ పట్టించుకోలేదు. గుంటూరు, హనుమకొండ పేర్లు సోమాలీలో అటూ ఇటూ ఎగురుతున్నాయి.

"నువ్వేమంటావ్?" అని నా స్నేహితురాల్ని అడిగాను. 2009 తర్వాత ఆ ప్రశ్న అడగడం ఇదే. తను చాలాసేపు టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. "నేను నీకు అప్పుడు చెప్పింది నీ గురించి కాదు" అంది. "మా అమ్మ నన్ను చంకనేసుకుని పరుగెత్తిన రోజు గురించి."

పదిన్నరకు షాపువాడు కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. బిల్లు కోసం మళ్లీ చేతులు పట్టుకోవడాలు, లాక్కోవడాలు. హర్గేసా ఆయన ముందే కౌంటర్ దగ్గరికెళ్లి అందరిదీ ఇచ్చేసి వచ్చాడు. ఎర్రగడ్డం పెద్దాయన గట్టిగా అభ్యంతరం చెప్పాడు, ఈరోజు మా పండగ, నువ్వెలా ఇస్తావని. ఆ మాట మీద మళ్లీ మొదలైంది, ఇద్దరూ వాదించుకుంటూనే తలుపు దాటి టవర్ల వైపు నడిచారు, పెద్దాయన కర్ర టాక్సీ ఆయన చేతిలో ఉంది, పెద్దాయన చెయ్యి ఆయన భుజం మీద.